తలకిందుల మొక్కు

ముందుగాల పడ్డది ఫోను. అంగి జేబులకెల్లి జారి, గదుమకు తాకి, కండ్ల ముంగటికెల్లి పోయింది. జరసేపటికి కింద గడ్డిల మెత్తగ సప్పుడైంది. గా సప్పుడు ఇన్నంకనే నాకు సమజైంది, నేను తాటిచెట్టు మొవ్వు కాడ తలకిందులుగ ఏలాడుతున్నని. అంతకుముందు ఏమైందో ఇప్పటికీ వరుసగ చెప్పరాదు. మోకు మీద ఎనుకకు ఒరిగి, కుడిచేత్తోని కల్లు గీసే కత్తి ఆడిస్తున్న, ఎడమచేత్తోని మట్ట పట్టుకున్న. మట్ట ఇరిగింది, కత్తి మొవ్వులనే ఇరుక్కున్నది. చెట్టును, మనిషిని కలిపి నడుముకు సుట్టుకునే తాడే మోకు. గది నడుము మీదికెల్లి తొడలకు జారింది, తొడలకెల్లి మోకాళ్ల దాక పోయి ఆడ బిగుసుకున్నది. పాదాలకు ఏసుకున్న గుజి చెట్టు గరుకుకు తట్టుకొని ఆగింది. గంతే, గా రెండు తాళ్లే నాకు లోకంల మిగిలినయి. పొద్దు వాలుతున్నది గని నా కండ్లకు అది మీదికి ఎక్కుతున్నట్టు కొట్టింది. తవ్వి ఇడిసిపెట్టిన పసుపుచేను నెత్తి మీద కప్పు లెక్క పరుసుకున్నది. కాళ్ల కిందేమో అడుగు తెల్వని నీలిబాయి. పడితే భూమి మీద పడుతనో, గా బాయిల పడుతనో గూడ తెల్వకుంటైంది.

బుగులంటే ఏందో నాకు ఎరుకే అనుకున్న ఇన్నేండ్లు. పాము కాలి మీదికెల్లి పోతే బుగులే, మొవ్వుల తేనెటీగలు లేస్తే బుగులే, ఆన పడి చెట్టు నానినప్పుడు ఎక్కితే బుగులే. గవన్ని అచ్చి పోయేటియి. గీ బుగులు రాలే, పోలే, నేనే పోయి దాని కడుపుల పడ్డట్టైంది. ఒర్రుదామని నోరు తెరిసిన. గాలి తప్ప ఏం రాలే. ఒంట్లె ఉన్న నెత్తురంత నెత్తిల దిగి, చెవులల్ల సిరిసిల్ల బట్టనేసే సాంచాలు నడిసినట్టు ఒక్కటే దడదడ. సిరిసిల్ల అనంగనే సృజన యాదికచ్చింది. సృజన నా బిడ్డ, ఆడ బట్టల కంపెనీల కుట్టుపని చేస్తది, అల్లునిది గూడ ఆడనే పని. నేను చెట్టెక్కంగ ముందుగాల దాని ఫోనే అచ్చింది. ఏడో నెల దానికి. నాయినా, నడుము నొస్తున్నదంటివి గద, ఇగ చెట్టు బంద్ చేయరాదే, అన్నది. దిగినంక మాట్లాడుత బిడ్డా అన్న. దిగినంక. గా మాట ఎంత అల్కగ అన్న. మా నాయిన గూడ దిగినంక అంబలి తాగుత అని అవ్వకు చెప్పి ఎక్కినోడే. సచ్చిపోలే ఆయిన. నడుమిరిగి మంచంల పడి, గా మంచంలనే ముసలోడైండు. గౌండ్లోడు పడితే సచ్చుడే నయంరా బుచ్చిగా, అని ఆయిననే అంటుండె. మంచం నులక, దాని కింద పెట్టిన గిన్నె, ఈగలు, అవ్వ ఆయినను పక్కకు తిప్పుతుంటే ఆయిన పండ్లు కొరుకుడు. సావు ఎట్లుంటదో నాకు తెల్వది, దానికేం బుగులు పడుత. గా మంచం మాత్రం నాకు ఎరుకే.

ఇంతల ఇంకో ఆలోచన అచ్చి పాణాన్ని గుంజింది. ఇయ్యాల చెట్టును మొక్కిన్నా? రోజు ఎక్కెముందుగాల కుడిచెయ్యి చెట్టుకు ఆనించి, గా చెయ్యి కండ్లకద్దుకొని, తల్లీ ఎల్లమ్మా, కాటమయ్యా అంట. నేను అనుడేంది, చెయ్యే అంటది. బండి ఎక్కినోడు కిక్కు కొట్టినట్టు. ఇయ్యాల ఒక చేత్తోని ఫోను జేబుల పెట్టుకున్న. ఇంకో చెయ్యి ఆనించిన్నా? ఆనించిననే అనిపిచ్చింది. మల్ల గది నిన్నటి సంగతేమో అనిపిచ్చింది. మొన్నటిదేమో. అన్ని దినాలు ఒక్కతీరుగనే ఉన్నయి, చెయ్యి, చెట్టు గరుకు, నొసలు. గన్ని మొక్కులల్ల ఇయ్యాల్టిది ఉన్నదా లేదా అని దేవులాడుతున్న, చీకట్ల తాళంచెయ్యి దేవులాడినట్టు. ఒకవేళ మొక్కిన గని, మనసు బిడ్డ కాడ ఉండి చెయ్యి ఒక్కటే మొక్కితే? గది లెక్కల అస్తదా? మరిసిపోతే తల్లికి కోపమచ్చి పడేసిందా? మొక్కినంక గూడ పడేసిందా? గీ రెండోదానికే ఎక్కువ బుగులైంది. మరిసిన తప్పైతే దిగి కాళ్లు పట్టుకోవచ్చు. మొక్కినంక గూడ పడితే ఇగ ఎవల కాడికి పోవాలె మనిషి.

నన్ను కన్న మా అవ్వ అంజవ్వకు గిసొంటి అనుమానాలు లేకుండె. ఆమె మొక్కుడంటే తిట్టుడే. నాయిన పడ్డనాడు, ఆయినను బండిల ఏసుకొని జగిత్యాలకు తీస్కపోయినంక, అవ్వ నా రెక్క పట్టుకొని ఎల్లమ్మ గుడికాడికి గుంజుకపోయింది. దీపం లేదు, కొబ్బరికాయ లేదు. దర్వాజ కాడ నిలబడి, కండ్లు ఉన్నయా నీకు, వెండి కండ్లు పెట్టిచ్చిన గదనే, గవి ఎందుకు పెట్టుకున్నవే, అని ఒర్రింది. ఊరోళ్లు అచ్చి ఆపబోయిండ్రు. ఆగలే. అవ్వ గొంతు ఇంకా గా గుడి గోడలకు తాకి తిరుగుతున్నట్టే ఉంటది నాకు. తెల్లారేసరికి గొంతు పోయి, ఆమెకు వారమంత మాట రాలే. మల్ల ఏడు గా తల్లికే బోనం ఒండింది. కొత్తకుండకు సున్నం పూసి పసుపు బొట్లు పెడుతుంటే నేను అడిగిన, నాయిన్ను పడేసినదానికి బోనమెందుకే అవ్వా అని. అవ్వ కుండ మీదికెల్లి సూపు తిప్పకుంటనే అన్నది: "తిట్టెటందుకన్న ఒకలు ఉండాలె గదరా కొడుకా."

నేను గూడ తిడుదామని సూసిన. తల్లీ, అని మనసుల మొదలుపెట్టిన. రెండో మాట దొరకలే. తిట్టాలన్నా కాళ్లు భూమి మీద ఉండాలెనేమో. అవ్వ కాళ్లు ఉండె.

గప్పుడే కింద ఫోను మోగింది. సృజన చేస్తే మోగే పాట వేరే పెట్టుకున్న, గందుకే ఎరుకైంది. మోగి మోగి ఆగింది. మల్ల మోగింది. నా బిడ్డ నా కిందనే గడ్డిల పడి, నన్ను పిలుస్తున్నది, నేను పలుకుతలేను. నాయిన ఎందుకు ఎత్తుతలేడని దాని కడుపుల ఎట్లున్నదో, గా కడుపుల ఉన్నదానికి ఎట్లున్నదో. మల్లోసారి మోగుతుంటే పసుపుచేన్లకెల్లి నడక సప్పుడైంది. మెడ తిప్పితే రూతమ్మ. వాడల చర్చికి పోయే లస్మయ్య పెండ్లాం. వాళ్లకు గుంట భూమి లేదు, ఇద్దరు కూలికే పోతరు. లస్మయ్య మునుపు నా కాడనే కల్లు తాగేటోడు, బాప్తిస్మం తీస్కున్నంక ఇడిసిపెట్టిండు. గా కోపం నాకు కొన్నొద్దులు ఉండె గని, ఎదురైతే మాట్లాడుకుంటుంటిమి. తవ్విన చేన్ల మిగిలిన కొమ్ములు ఏరుకునేటందుకు అచ్చినట్టుంది, ఆమె చేతులు మోచేతుల దాక పచ్చగున్నయి. ఫోను ఎక్కడ మోగుతున్నదా అని దేవులాడుకుంట చెట్టు కిందికే అచ్చింది. వంగింది. దొరకవట్టింది. అంతల పాట ఆగింది. అటు సూసింది, ఇటు సూసింది, బాట దిక్కు సూసింది, కాలువ గట్టు దిక్కు సూసింది. మీదికి తప్ప అన్ని దిక్కులు సూసింది. ఫోను పోగొట్టుకున్నోడు మీద ఉంటడని ఎవలనుకుంటరు. నేను ఒర్రిన. ఒర్రిన అనుకున్న. నా గొంతు నాకే ఇనరాలే. ఆమె ఫోను కొంగున ముడేసుకొని రెండడుగులు ఏసింది. పోతది, బాట కాడ ఎవలకన్న చూపెడుతది, ఇది బుచ్చన్నది గద అంటరు, ఇంటికి తెచ్చి నా పెండ్లాం లచ్చవ్వకు ఇస్తరు, అందరు మంచిగ ఉంటరు, నేను ఈడ ఉంట.

గప్పుడు నా నడుముకున్న కత్తుల పొదిలకెల్లి చిన్నకత్తి జారింది. నా చెవి పక్కకెల్లి పోయి రూతమ్మ ముంగట భూమిల దిగింది. ఇంకో అడుగు ఏసి ఉంటే ఆమె నెత్తిల దిగేది. ఆమె కత్తిని సూసింది. మీదికి సూసింది. నోరు తెరిసింది గని ఒర్రలే. ఇగ ఉరుకుతది అనుకున్న. ఉరకలే.

"బుచ్చన్నా, పాణం ఉన్నదా?"

"ఉన్నది." గా ఒక్క మాటకు గొంతు అచ్చింది. "దూరం జరుగు. ఇంకో కత్తి ఉన్నది."

ఆమె జరిగింది గని గంత దూరం పోలే. చేతులు నోటికి అడ్డం పెట్టుకొని బాట దిక్కు ఒర్రింది, చేన్ల దిక్కు ఒర్రింది. యాడ ఒక్క మనిషి లేడు, పసుపు ఉడకబెట్టే కాడికి పోయిండ్రంత. ఫోను మల్ల మోగింది. కొంగు ముడి ఇప్పింది. అద్దం పగిలి ఉన్నట్టుంది, ఏలుతోని అటు రుద్దింది, ఇటు రుద్దింది, ఏలు కోసుకున్నది, చీరెకు తుడ్సుకొని మల్ల రుద్దింది. నాయినా అని సృజన గొంతు గంత మీదికి గూడ ఇనబడ్డది. రూతమ్మ గొంతు ఒణకలే. బిడ్డా, నేను రూతమ్మను, మీ నాయిన చెట్టు మీదున్నడు, దిగరాకుంటైంది, పాణానికి ఏం గాలే, అన్నది. మల్లయ్యకు ఫోన్ చేసి మోకులు, పెద్దతాడు పట్టుకొని బిరాన రమ్మను అన్నది. మీ అవ్వకు ఆఖరుకు చెప్పు అన్నది. ఫోను పెట్టేసి మల్ల కొంగున ముడేసుకున్నది.

మల్లయ్య నా జతగాడు, ఇద్దరం ఒక్కపారే చెట్టెక్కుడు నేర్సినోళ్లం. ఇయ్యాల వాడు మేడిపల్లికి చుట్టాలింటికి పోయిండని నాకు ఎరుకే. గా మాట రూతమ్మకు చెప్పలే. చెప్తే ఆమె మొఖం మారుతది, మారిన మొఖం నేను సూడాలె. మోకు మోకాళ్ల మీదికెల్లి సన్నసన్నగ జారుతున్నట్టుండె. గది నిజమో, బుగులో. ఊపిరి పీలిస్తే జారుతదేమో అని పీల్సుడు ఆపిన. ఆపితే గుండె ఎక్కువ కొట్టుకొని గా దెబ్బకు జారుతదేమో అని మల్ల పీల్సిన. కాళ్లు నావి గాకుంటైనయి. నా పాదాలు నాకంటే ముందుగాల సచ్చి, మీద ఆకాశంల ఉన్నయి. గండుచీమలు చెట్టు మీదికెల్లి నా పిక్కలకు ఎక్కుతుంటే, కుడుతున్నయని కండ్లకు కనవడుతున్నది గని నొప్పి తెలుస్తలేదు.

కిందికి సూస్తే రూతమ్మ మోకాళ్లు ఏసుకొని కూసున్నది. కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. చేతులు జోడించి కండ్లు మూసుకున్నది. ప్రభువా, అన్నది. తండ్రీ, అన్నది. నాకు ఇంకో బుగులు పట్టింది. వాళ్ల ప్రార్థన చెవుల పడితే మన తల్లి మన ఇంటికెల్లి లేసిపోతది అని లచ్చవ్వ అంటది. ఆదివారంనాడు వాడల మైకు పెడితే కిటికీ మూస్తది. నేను నవ్వేటోన్ని. ఇప్పుడు నవ్వు రాలే. ఒక దేవత అలిగి లేసిపోయి, ఇంకో దేవుడు నేనెవలో తెల్వక రాకపోతే, నడుమ ఎవల లెక్కల లేకుంట నేను ఏలాడుతనా. ఆపుమందామని నోటిదాక అచ్చింది. గని గంతకన్న పెద్దది ఇంకోటి జరిగింది. ఆమె కండ్లు మూసుకోంగనే నేను ఒక్కన్నే ఐన. అంతసేపు నన్ను పట్టుకొని ఉన్నది మోకు గాదు, గుజి గాదు, గా రెండు కండ్లే అన్నట్టు. గవి మూసుకోంగనే ఒళ్లంత జారినట్టైంది.

"రూతమ్మా, కండ్లు మూస్కోకు."

"ప్రార్థన చేస్తున్న అన్నా."

"చెయ్యి. కండ్లు మూస్కోకు. నా దిక్కు సూడు."

ఆమె తికమకైంది. చర్చిల నేర్సుకున్నకాడికెల్లి కండ్లు మూసుకొని చేసుడే. తెరిసి చేస్తే పైకి అందుతదో లేదో ఆమెకు తెల్వదు. గని తెరిసింది. మెడ ఎనుకకు ఒంచి, నా మొఖం దిక్కే సూసుకుంట మల్ల మొదలుపెట్టింది. మొవ్వుకు కట్టిన లొట్టి ఒంగి, కల్లు బొట్లుబొట్లుగ నా గదుమ మీద పడుతున్నది, ముక్కు పక్కకెల్లి కండ్లల్లకు దిగి, ఆడికెల్లి కిందికి పోతున్నది. ఒక బొట్టు ఆమె నొసలు మీద పడ్డది. తుడ్సుకుంటే నొసలుకు పసుపంటింది. పసుపు బొట్టు వద్దనుకొని ఇడిసిపెట్టిన ఇంటి మనిషి. నొసలు నిండ పసుపుతోని, నెత్తి మీద కొంగుతోని, రెప్ప కొట్టకుంట సూస్తుంటే మా ఎల్లమ్మ లెక్కనే కొట్టింది నాకు. గీ సంగతి లచ్చవ్వకు చెప్తే కొడుతది, రూతమ్మకు చెప్తే నొచ్చుకుంటది. ఎవలకు చెప్పలే.

జరసేపటికి ఆమె మాటలు తక్కువైనయి. ప్రభువా అనుడు గూడ ఆగింది. పెదిమెలు కదులుతున్నయి గని సప్పుడు లేదు. ఏం అడుగుతున్నదో అనుకున్న. ఇంతల ఊరి మసీదుకెల్లి అజాన్ ఇనబడ్డది, పొద్దుగూకెముందటిది. అజాన్ తోని జబ్బార్ భాయ్ అచ్చిండు మనసులకు. కోరుట్ల మనిషి. నేను పనికి గల్ఫ్ పోయిన కాలంల షార్జాల ఒక్క రూంల ఉంటిమి. చెట్టెక్కే అలవాటు ఉన్నోడని నన్ను ఎత్తు మీది పనులకే పంపిస్తుండ్రి, ఆయిన నాకు కిందికెల్లి చెక్కలు అందిస్తుండె. నమాజ్ యాల్లైతే సిమెంటు సంచి దులిపి పరుసుకొని, ఎండల, ఇసుకల, నిలబడేటోడు. ఒకనాడు అడిగిన, రోజు గిన్నిసార్లు ఏం అడుగుతవ్ భాయ్, గింత అడిగినా మనకు ఇంటికి పోయే లీవు ఎందుకు దొరుకుతలేదు అని. ఆయిన నవ్విండు. అడుగుడు ఆఖరుకు బుచ్చన్నా, ముందుగాలైతే హాజరు చెప్పుడే, అన్నడు. బళ్లె పంతులు పేరు పిలుస్తే హాజర్ అంటం గద, గట్ల. పిలిసెటోడు పిలుస్తడు, ఉన్నోడు ఉన్న అంటడు. గప్పుడు నాకు ఎక్కలే గా మాట. ఉన్న అని చెప్తే ఏమొస్తది, ఉన్నమని ఎవలకు తెల్వది అనుకున్న. ఇప్పుడు, ఉన్ననో లేనో నాకే తెల్వని కాడ, ఊపిరంత కూడబెట్టి మనసుల అన్న, హాజర్. ఎవలకు అన్ననో తెల్వదు. ఉన్న. ఇంకా ఉన్న. బుగులు తగ్గిందా అంటే తగ్గలే. గని బుగులు ఒక దిక్కు, నేనొక దిక్కు ఐనం. అంతకుముందు రెండు ఒకటే ఉండె.

బాట మీద బండ్ల సప్పుడైంది. మనుషులు, తాళ్లు, నిచ్చెన, ఒకల మీద ఒకలు ఒర్రుడు. మల్లయ్య చుట్టాలింట్ల చెయ్యి కడుక్కోకుంటనే లేసొచ్చిండట. వాని ఎనుక శ్రీధర్, ఆయిన గూడ మా గౌండ్లాయినే. లచ్చవ్వకు ఎవలు చెప్పిండ్రో ఏమో, చెప్పులు లేకుంట ఉరికొచ్చి, నన్ను సూసి భూమి మీద కూలబడ్డది. తల్లీ ఎల్లమ్మా, యాట కోస్త, అన్నది. బోనం ఎత్తుత, అన్నది. తడిబట్టతోని పొర్లుదండాలు పెడుత, అన్నది. నెత్తి ఎంటికలు ఇస్త, నా మెడల పుస్తెలు ఇస్త, అన్నది. ఆమె ఒక్కో మొక్కు పెంచుతుంటే నా బుగులు పెరిగింది. గంత పెద్ద మొక్కులు మొక్కాల్సి అస్తున్నదంటే, కిందికెల్లి సూసేటోళ్లకు నేను ఎట్ల కనవడుతున్ననో. మొక్కుకు, మోకుకు ఒక్క ఒత్తు, ఒక్క దీర్ఘమే తేడా. ఒకటి ఆమె పట్టుకున్నది, ఒకటి నన్ను పట్టుకున్నది, రెండు తెగేటట్టే ఉన్నయి. మనుషుల నడుమ రూతమ్మ కనవడలే. నా కండ్లు ఆమెనే దేవులాడినయి. అందరు మీదికి సూస్తుండ్రి గని, అందరి కండ్లు ఒకలనొకలు సూసుకుంట, నా దిక్కు ఒకపారి, పక్కోని దిక్కు ఒకపారి. చివరికి దొరికింది, గుంపుకు ఎడంగ, అదే కాడ, అదే మోకాళ్ల మీద.

మల్లయ్య మోకు ఏసుకున్నడు. గంత ఆగమాగంల గూడ వాని కుడిచెయ్యి చెట్టుకు ఆనింది, నొసలుకు తాకింది. కండ్లు మాత్రం నా మీదనే ఉన్నయి. వాడు తెలిసి చేసిండో, చెయ్యే చేసిందో. మనసు నా కాడ ఉండి, చెయ్యి ఒక్కటే మొక్కింది. గట్ల మొక్కితే తల్లికి అందదని నేనెట్ల అంట, గా చెయ్యే నా కోసం మీదికి ఎక్కుతున్నది గద.

వాడు ఎక్కుతుంటే చెట్టు ఊగింది, ఊగినప్పుడల్ల మోకు కిర్రుమన్నది. వాని ఊపిరి నా చెవికాడికి అచ్చింది, బీడీ వాసన, బువ్వ వాసన. మాట్లాడకు, అన్నడు. శ్రీధర్ వాని కిందనే ఎక్కి పెద్దతాడు అందిచ్చిండు. దాన్ని మొవ్వుల మట్టల మీదికెల్లి ఏసి, నా చంకల కిందికెల్లి తిప్పి కట్టిండు. రెండో కొస కింద మనుషులు పట్టుకున్నరు. ఇగ గుజి కొయ్యాలె, మోకు ఇప్పాలె.

"బుచ్చన్నా, కోస్తున్న," అన్నడు. "తాడు బిగుసుకునేదాక ఒక్క గడియ నిన్ను ఏది పట్టది. బుగులు పడకు."

నేను ఆగుమందామనుకున్న. మోకు ఇరుకుల నా కాళ్లు సచ్చినా, గది నన్ను పట్టుకొని ఉన్నది గద. దాన్ని ఇడిసిపెట్టుడు నా వల్ల గాదు. గని కత్తి అప్పటికే ఆడింది. ఏ తాడు నన్ను పట్టుకోలే. చెట్టు మీదికి పోయింది, ఆకాశం పక్కకు పోయింది, మంచం, నులక, నాయిన పండ్లు, నా బిడ్డ కడుపు, అన్ని ఒక్కపారే అచ్చినయి. ఎల్లమ్మ యాదికి రాలే, కాటమయ్య రాలే, రూతమ్మ ప్రభువు రాలే, హాజర్ అనుడు గూడ రాలే. నా నోట్లకెల్లి అచ్చింది ఒక్కటే మాట, మల్లన్నా, అని. కింద ఉన్నోళ్లు నేను దేవుడు మల్లన్నను పిలిసిన అనుకున్నరు, కొందరు చేతులెత్తి మొక్కిండ్రు గూడ. నా చెవికాడ మల్లయ్య మాత్రం, "ఆ, ఉన్న," అన్నడు. తాడు బిగుసుకున్నది. నేను పిలిసింది ఎవలనో నాకిప్పటికీ తెల్వదు. పలికింది మాత్రం మల్లయ్యే.

భూమి ఈపుకు తాకినంక కొద్దిసేపు నేను దాన్ని నమ్మలే. రెండు చేతులల్ల గడ్డి పట్టుకొని ఇడువలే, అంబులెన్సుల పండబెట్టినంక గూడ గుప్పిట్ల గడ్డి ఉన్నదట. జగిత్యాల దవాఖానల ఎడమకాలికి సోయి లేదన్నరు, నరం నలిగింది, మెల్లగ అస్తదన్నరు. సృజన అచ్చి నా పాదం ఒళ్లె పెట్టుకొని రుద్దుకుంట కూసున్నది. నడుమిరగలే. మంచం తప్పింది. కట్టె పట్టుకొని ఇంట్ల నడుస్తున్న, చెట్టు ఇగ ఎక్కుతనో లేదో ఎవలు అడుగుతలేరు, నేను చెప్తలేను. లచ్చవ్వ యాట కోసింది, పొర్లుదండాలు పెట్టింది, ఎల్లమ్మే నిన్ను నా చేతుల పెట్టింది అంటది. పాస్టరు లస్మయ్యతోని కబురు పంపిండు, ఆదివారం చర్చికి అచ్చి, ప్రభువే కాపాడిండని సాక్ష్యం చెప్పమని. లచ్చవ్వకు ఊ అన్న. లస్మయ్యకు కాలు మంచిగైనంక సూద్దాం అన్న. రెండిటికి మనసుల కాదనలే. గని కన్ను అంటుకుంటే సాలు, మట్ట ఇరుగుతది, నేను పడుత. మునుపు తాడు బిగుసుకున్నది గద, కలల బిగుసుకోదు. గీ సంగతి మాత్రం ఎవలకు చెప్పలే.

రూతమ్మ శాన దినాలకు అచ్చింది. వాకిట్లనే నిలబడితే లచ్చవ్వ పోయి చెయ్యి పట్టుకొని తోల్కచ్చి కుర్సీ ఏసింది. చాయ్ పెడుత అని లోపటికి పోయింది. రూతమ్మ నా కాలు దిక్కు సూసింది. మెడ ఇంకా నొస్తున్నదట ఆమెకు, తిప్పితే గుంజుతదట. నేను అడిగిన, గా దినం కండ్లు తెరిసి ఏం అడిగినవ్ రూతమ్మా, పెదిమెలు కదిలినయి గని నాకు ఇనరాలే అని.

ఆమె లోపటి దిక్కు ఒకపారి సూసింది.

"నిజం చెప్పాల్నా అన్నా? నీ కోసం ఏం అడగలే. అడుగుదామనే మోకాళ్లు ఏసిన. నువ్వు కండ్లు మూస్కోకు అన్నంక నేర్సుకున్న మాటలన్ని పోయినయి. నేను సూస్తుండంగ పడనియ్యకు, నేను సూడలేను, అని గదొక్కటే. నా బుగులుకు నేను అడుక్కున్న. పాస్టరుకు గూడ చెప్పలే, సిగ్గైంది."

నాకు నొస్తదేమో అనుకున్న. నొయ్యలే. గంతసేపు బుగులంత మీదనే ఉన్నదనుకున్న నేను. కింద గూడ ఒకలు ఏలాడిండ్రని నాకు ఎరుక లేకుండె. ఎన్నడు ఎవలకు చెప్పని మాట నోట్లకెల్లి అదే అచ్చింది, పండుకున్నప్పుడల్ల కలల పడుతున్న రూతమ్మా, అని.

"నా కలల గూడ నువ్వు రోజు పడుతనే ఉన్నవ్," అన్నది.

"గప్పుడేం చేస్తవ్?"

"లేసి కూసుంట. బుచ్చన్న బతికే ఉన్నడు, బుచ్చన్న బతికే ఉన్నడు, అనుకుంట. లస్మయ్య నవ్వుతడు. జరసేపటికి మల్ల పండుకుంట."

లోపట గిలాసల సప్పుడైంది. లచ్చవ్వ అచ్చేలోపట చెప్పాలనిపిచ్చింది.

"గట్ల అనుకునుడు మానకు రూతమ్మా," అన్న. "జర కొన్నొద్దులు మానకు."